అన్నం కింది రెండు ముక్కలు

ఆకలితో ఉన్నవాడికి పెట్టడం పుణ్యమని ఆమె చిన్నప్పటినుంచీ వింటూ వచ్చింది. మరి కడుపు నిండినవాడికి కూడా పెడుతూ పోతే దాన్ని ఏమనాలి? బస్సు డిపో క్యాంటీన్లో పదకొండేళ్లుగా గరిటె పట్టిన వంటక్కకి ఈ సందేహం ఏళ్ల తరబడి ఉంది. ఎవరినీ అడగలేదు. రోజూ పొద్దున్నే పొయ్యి వెలిగించే ముందు రెండు నిమిషాలు కళ్లు మూసుకుని నిలబడుతుంది. అప్పుడు దేవుణ్ని కూడా అడగలేదు. అడిగితే ఎక్కడ జవాబు వస్తుందోనని భయం.

ఆ వారం క్యాంటీన్లో బియ్యం సగమే పోశారు. డ్రైవర్లకి ఏడాదికోసారి జరిగే వైద్య పరీక్ష గురువారం ఉంది. పరీక్షకి మూడు రోజుల ముందునుంచీ డిపోలో ఎవరూ సరిగ్గా తినరు. ఏ కాగితం మీదా రాసి లేకపోయినా అందరికీ తెలిసిన పద్ధతి అది. కీరదోస ముక్కలు, చక్కెర లేని టీ, సాయంత్రం బళ్లు కడిగే చోటు చుట్టూ గుంపుగా నడక. రక్తం తీసే పొద్దుటికి చక్కెర దిగాలి. దిగేది కూడా. రక్తం ఇచ్చి, సూది గుచ్చిన చోట దూది నొక్కుకుంటూనే అందరూ వచ్చి వరసలో నిలబడేవాళ్లు. ఆ మధ్యాహ్నం మాంసం రెట్టింపు వండాలి. దానికి 'గండం గడిచిన భోజనం' అని పేరు.

“ఇదేం ఉపవాసం అక్కా,” అన్నాడు మీసాలాయన సోమవారం మధ్యాహ్నం, పళ్లెంలో కీరా ముక్కలు వేయించుకుంటూ. డిపోలో అందరికన్నా పెద్ద గొంతు అతనిది. “ఇదే దేవుడి కోసం చేసి ఉంటే ఈపాటికి స్వర్గంలో సీటు దొరికేది. డాక్టరు కోసం చేస్తున్నాం.”

“దేవుణ్ని మోసం చెయ్యలేమనే కదయ్యా డాక్టర్ని ఎంచుకున్నారు,” అంది వంటక్క.

వరసంతా నవ్వింది. నవ్వనిది అతని వెనక నిలబడ్డ మనిషి ఒక్కడే. నలభై ఆరేళ్లుంటాయి. ఎప్పుడూ తొందరపడడు, బండి కూడా అలాగే నడుపుతాడు. అందుకే అందరూ 'నిదానం' అంటారు. పొట్ట బెల్టు మీదికి జారింది కానీ మొహం మాత్రం ఈ మధ్య లోపలికి పోయింది. పళ్లెం చాపి, “చాలక్కా,” అన్నాడు ఆమె ఏమీ వెయ్యకముందే.

వడ్డించే బల్ల వెనక గోడ మీద నల్ల బోర్డు ఉంది. 'ఒక్కొక్కరికి నాలుగు ముక్కలు' అని తెల్ల పెయింటుతో రాసి ఉంటుంది. ఆ నాలుగు ముక్కల కోసం ఒకప్పుడు డ్రైవర్లు ఆరు రోజులు బళ్లు ఆపేశారట. అందుకని ఆ బోర్డు మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. క్యాంటీన్ పనివాళ్లకి కూడా అదే వాటా. వంటక్క మాంసం తినదు. తన నాలుగింట్లో రెండు అంట్లు తోమే గిన్నెలమ్మకి ఇస్తుంది. మిగతా రెండూ నిదానం పళ్లెంలోకి పోతాయి.

పోవడానికి ఒక పద్ధతి ఉంది. ముందు రెండు ముక్కలు ఖాళీ పళ్లెంలో పడతాయి. కొవ్వు అంచున్నవి, మూలుగ ఉన్నవి ఏరిపెట్టినవే. వాటిమీద అన్నం, గరిటె వెనకతో ఒక నొక్కు. ఆ పైన పులుసు, అందరికీ వేసినట్టే నాలుగు ముక్కలు. చూసేవాళ్లకి నాలుగే. నిదానం పళ్లెం తీసుకుని చివరి బల్ల దగ్గర గోడవైపు తిరిగి కూర్చుంటాడు. మొదటిరోజు అన్నం కింద వేలికి ముక్క తగిలినప్పుడు అతను తలెత్తి చూశాడు. ఆమె మొహం తిప్పుకుంది. ఆ తరవాత పదకొండేళ్లు ఆ రెండు ముక్కల గురించి ఇద్దరి మధ్యా ఒక్క మాట కూడా దొర్లలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి భర్త మిషను మీద ఒక కోటు కాలరు కుడుతున్నాడు. ఆమె మంచినీళ్లు తాగి గడప మీద కూర్చుంది.

“నిదానం చిక్కిపోయాడు,” అంది.

“ఈ వారం డిపో అంతా చిక్కిపోతుందిగా.”

“అది కాదు. మొహం వేరుగా ఉంది.”

అతను దారం నోటితో తెంపి ఆమెవైపు చూశాడు. పన్నెండేళ్ల కింద పొత్తికడుపు పట్టుకుని బస్టాపులో కూలబడ్డ మనిషి అతనే. ఆ బస్టాపు మీదుగా పోతున్న ఒక బండి ఆగి, ఇద్దర్నీ ఎక్కించుకుని, తన రూటు కాని రెండు వీధులు తిరిగి ఆసుపత్రి గేటు ముందు ఆగింది. పేగు పగలడానికి అరగంట ముందు వచ్చారన్నాడు డాక్టరు. రూటు తప్పించినందుకు డ్రైవరుకి మెమో ఇచ్చారని, ఆ ఏడు ఇంక్రిమెంటు ఆపేశారని డిపోలో పనికి కుదిరాక ఒక కండక్టరు చెబితే ఆమెకి తెలిసింది. ఆ డ్రైవరు నిదానమే. అతను మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

“నా పేగు వాచినందుకు అతని పేగులు నింపుతున్నావు,” అన్నాడు భర్త. మెడలో వేలాడుతున్న టేపు తీసి వేళ్ల మధ్య జరుపుతూ లెక్కవేశాడు. “రోజుకి రెండు. పదకొండేళ్లు. ఆరు వేల పైచిలుకు. నా ప్రాణం ఖరీదు ఒక మేకల మంద అన్నమాట. నేనింత విలువైనవాణ్నని నాకే తెలీదు.”

ఆమె నవ్వలేదు. అతను టేపు మళ్లీ మెడలో వేసుకున్నాడు. “అంతగా అనుమానంగా ఉంటే మానెయ్యి.”

“ఇన్నేళ్లు పెట్టి ఇవాళ మానేస్తే ఏమనుకుంటాడు? అక్కకి నామీద కోపం వచ్చిందనుకోడూ?”

“మొహమాటం కొంపలు ముంచుతుందే,” అని అతను మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

*

గురువారం పొద్దున్న క్యాంటీన్ హాల్లోనే రక్తం తీశారు. డిపోలో నీళ్లూ బల్లలూ వెలుతురూ ఒకేచోట ఉన్న గది అదొక్కటే. నర్సమ్మ కిటికీ పక్క బల్ల తుడిచి, తెల్ల గుడ్డ పరిచి, సీసాలు వరసగా పేర్చింది. ప్రతి ఏడూ బూడిదరంగు మూత సీసా ఒకటే ఉండేది. ఈసారి పక్కనే ఊదారంగు మూతవి కూడా ఉన్నాయి.

డ్రైవర్లు చొక్కా చేతులు మడుచుకుని వరసలో వచ్చారు. ఖాళీ కడుపుల మీద జోకులు బాగానే పేలుతున్నాయి. వంటక్క ఉల్లిపాయలు కోస్తూ చూస్తోంది. నిదానం ఎడమ బూటు వెనకభాగం అణగదొక్కి చెప్పులా వేసుకొచ్చాడు. తన వంతు వచ్చేలోపు మూడుసార్లు కుళాయి దగ్గరికి వెళ్లి నీళ్లు తాగొచ్చాడు. అప్పుడు ఆమెకి గుర్తొచ్చింది: ఏడాదిగా ఆ చివరి బల్ల మీద నీళ్ల జగ్గు తను రెండుసార్లు నింపాల్సివస్తోంది. ఎండ ఎక్కువగా ఉందనుకుంది ఇన్నాళ్లూ.

అందరూ అయ్యాక నర్సమ్మకి టీ తీసుకెళ్లింది. “చక్కెర వెయ్యలేదు, వెయ్యనా?”

“వద్దమ్మా, ఇలాగే బావుంది.” నర్సమ్మ రబ్బరు తొడుగులు తీసేసి కప్పు అందుకుంది. “వీళ్లందరూ మూడు రోజుల్నించి పస్తులున్నారు కదూ? నోళ్లు వాసనొస్తున్నాయి.”

వంటక్క బల్ల మీద ఒలికిన టీ చుక్క తుడిచింది. డిపో గుట్టు చెప్పడానికి నోరు రాలేదు.

“చెప్పక్కర్లేదులే. అన్ని డిపోలూ అంతే. అందుకే ఈ ఊదా సీసా. ఇది ఇవాళ్టి చక్కెర చెప్పదు. మూడు నెలల సగటు చెబుతుంది. మూడు రోజులు మాడినా, మూడు నెలలు తిన్నది రక్తంలో ఉంటుంది.”

“మూడు నెలలూ?” అంది వంటక్క. చేతిలో ఖాళీ పళ్లెం ఉంది, దాన్ని గుండెలకి ఆనించుకుంది. “రోజూ మాంసం తింటే చక్కెర వస్తుందామ్మా? మాంసంలో తీపి ఉండదు కదా.”

“అందరూ ఇదే అడుగుతారు. మేకా గొర్రే ఇలాంటి ఎర్ర మాంసం రోజూ, దండిగా, ఏళ్ల తరబడి తినేవాళ్లలో ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుందంటారు. అదొక్కటే అని కాదు. పొద్దంతా కూర్చునే పని, నిద్ర లేకపోవడం, తీపి టీలు, పొట్ట, ఇంట్లో అమ్మకో నాన్నకో ఉండటం. అన్నీ కలుస్తాయి.”

“ఒక మనిషికి ఏది ఎంతవరకో తెలీదా?”

“ఎలా తెలుస్తుంది? పులుసులో ఉప్పు వేశాక ఏ రాయి ఎక్కువైందో నువ్వు చెప్పగలవా?”

వంటక్క వంటగదిలోకి వచ్చేసింది. పొయ్యి మీద రెండు పెద్ద గుండిగల్లో గండం గడిచిన భోజనం ఉడుకుతోంది. పన్నెండున్నరకి వరస కట్టారు. “వెయ్యక్కా వెయ్యి, ఎనిమిది ముక్కలూ లెక్కగా వెయ్యి!” అని మీసాలాయన పాటలాగా అంటున్నాడు. ఊదా సీసా సంగతి ఎవరికీ తెలియదు. చెప్పినా ఇప్పుడు చేసేదేమీ లేదు.

నిదానం పళ్లెం ముందుకొచ్చింది. ఆమె చెయ్యి గుండిగలో ఆగింది. గరిటెలో అప్పటికే రెండు ముక్కలున్నాయి, మూలుగ ఉన్నవి, పొద్దున్నే ఏరి పక్కన పెట్టినవి. వెయ్యకూడదనుకుంది. వెనకనుంచి ఎవరో “కానివ్వక్కా” అన్నారు. అతను తలొంచుకుని పళ్లెం పట్టుకునే ఉన్నాడు. ముక్కలు పళ్లెంలో పడ్డాయి. వాటిమీద అన్నం వేసి నొక్కింది.

అతను చివరి బల్ల దగ్గర గోడవైపు తిరిగి, మెల్లగా, ఒక్కో ముక్కా పూర్తిగా తిన్నాడు. తినడం ఇష్టమైన మనిషిలా లేడు. పని ముగిస్తున్నట్టుగా ఉన్నాడు. ఆమె అది ఆరోజే చూసింది.

*

శనివారం పదకొండు గంటలకి ఆఫీసులోకి టీలు కావాలంటే తనే తీసుకెళ్లింది. సూపర్‌వైజరు బల్ల ముందు ఐదుగురు డ్రైవర్లు నిలబడి ఉన్నారు. నలుగురికి ఇచ్చిన కవర్లు వాళ్ల చేతుల్లోనే మడత పడి ఉన్నాయి. ఐదోది నిదానం చేతిలో విప్పి ఉంది.

“మూడు నెలల సగటు ఎనిమిది దాటితే స్టీరింగు ముట్టకూడదు. రూలు నేను పెట్టింది కాదు,” అంటున్నాడు సూపర్‌వైజరు. “మిగతా నలుగురూ ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఉన్నారు, హెచ్చరికతో వదిలేస్తున్నాం. నీది తొమ్మిదిన్నరయ్యా. మూడు నెలలు టైరు గదిలో చెయ్యి. మళ్లీ పరీక్ష చేయిస్తాం. ఎనిమిదికి కిందికి దిగితే బండి ఇస్తాం. దిగకపోతే ఇక జన్మలో బండి లేదు.”

నిదానం తల ఊపాడు.

“ఎవరి ఆరోగ్యం వాళ్ల చేతుల్లోనే ఉంటుంది. తిండి మీద అదుపుండాలి.”

సూపర్‌వైజరు వెనక గోడకి డ్యూటీ చార్టు వేలాడుతోంది. డబల్ డ్యూటీ పడ్డ చోటల్లా ఎర్ర సున్నా చుట్టి ఉంది. నిదానం నంబరు ఎదురుగా ఆ నెలలో పదకొండు సున్నాలు. కింద సూపర్‌వైజరు సంతకం. వంటక్క టీ కప్పులు బల్ల మీద పెడుతూ ఆ సున్నాలు చూసింది. నిదానం చొక్కా జేబు నుంచి తాళంచెవి తీశాడు. దానికి నల్ల తోలు ముక్క ఒకటి కట్టి ఉంది, చేతి చెమటకి నునుపెక్కింది. తోలు ముక్క విప్పుకుని జేబులో వేసుకుని, తాళంచెవి ఒక్కటే బల్ల మీద పెట్టాడు.

వడ్డనలు ముగిశాక ఆమె టైరు గదికి వెళ్లింది. డిపో వెనకాల రేకుల గది, రబ్బరు వాసన. నిదానం స్టూలు మీద కూర్చుని ఒక ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచి బుడగ ఎక్కడొస్తుందా అని చూస్తున్నాడు. ఎడమ బూటు పక్కన ఉంది. మడమ మీద గుడ్డ కట్టు.

“అన్నానికి రాలేదేం తమ్ముడూ?”

“ఆకలి లేదక్కా.”

ఆమె ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది. “కాలికేమైంది?”

“బూటు కొరికింది. రెండు నెలలైంది, మానట్లేదు.” ట్యూబు తిప్పి ఇంకో పక్క ముంచాడు. “నాకు ముందే తెలుసక్కా. రెండేళ్ల కిందే బయట చూపించుకున్నా. మాత్రలిచ్చారు. బయటికి పొక్కితే బండి పోతుందని దాచిపెట్టా. మాత్ర ఒకరోజు వేసుకుంటే రెండ్రోజులు మర్చిపోయేవాణ్ని. ఏడాదికోసారి అందరితోపాటు మూడ్రోజులు మాడితే గట్టెక్కేవాణ్ని.”

తొట్టిలో ఒక బుడగ లేచింది. అతను ఆ చోట బొటనవేలు పెట్టి నొక్కి పట్టాడు.

“తెలిసీ తిన్నావా?” అంది ఆమె. “ఆ డాక్టరు మాంసం తగ్గించమనలేదా?”

“అన్నాడు. వారానికి ఒకట్రెండుసార్లు, అదీ కొంచెం అన్నాడు. నా నాలుగూ పక్కవాడికిచ్చేసిన రోజులు చాలా ఉన్నాయి. అన్నం కిందవి ఎవరికీ ఇవ్వలేను కదా.” మొదటిసారి ఆమెవైపు చూశాడు. “నీ వాటా అని నాకు తెలుసు. గిన్నెలమ్మ చెప్పింది. అక్క తన నోటి దగ్గరిది తీసి దాచి పెడుతుంటే పళ్లెంలో వదిలేసి వెళ్తానా? నువ్వే కదా పళ్లేలు తీసేది. చూస్తావు కదా.”

“నేను మాంసం తినను తమ్ముడూ. అది నా నోటి దగ్గరిది కాదు.”

అతను ట్యూబు నీళ్లలోంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తరవాత పెదాలు కదిలాయి. నవ్వో మరొకటో తెలియలేదు. “పదకొండేళ్లు,” అన్నాడు. “నువ్వు నాకోసం పెడుతున్నావు. నేను నీకోసం తింటున్నాను.”

బయట ఎవరో బండి రివర్సు తీస్తున్నారు. ఆ చప్పుడు పోయేదాకా ఆమె ఆగింది.

“ఒకటడుగుతాను, నిజం చెప్పు. నా ముక్కల వల్లేనా ఇది?”

అతను ఊరికే ఓదార్చే మనిషి కాదు. “మా నాన్నకుండేది,” అన్నాడు. “పద్నాలుగు గంటలు సీట్లో కూర్చుంటాను. రెండు ట్రిప్పుల మధ్య బండిలోనే మూడు గంటలు పడుకుంటాను. నిద్ర ఆపుకోడానికి తీపి టీలు ఎనిమిది తాగుతాను. ఇవన్నీ నీవి కాదు కదా.”

“నావి ఎంత?”

“కొంత,” అన్నాడు.

ఆమె లేచి కొంగుతో మొహం తుడుచుకుంది. వింతగా, ఆ ఒక్క మాట విన్నాక గుండెలో ఏదో కుదురుకుంది. ఏళ్లుగా అడగని ప్రశ్నకి జవాబు వచ్చింది. అంతా కాదు, అసలే కాదూ కాదు. కొంత.

*

సోమవారం ఆమె రెండు గిన్నెలు పెట్టింది. ఒకదాంట్లో ఎప్పటి మాంసం. రెండోదాంట్లో చిక్కుడు గింజలు, ఆకుకూర, నూనె తక్కువ. “కావాలన్నవాళ్లు ఇది వేయించుకోండి,” అంది. రెండో గిన్నెవైపు ఒక్కడూ పళ్లెం చాపలేదు. హెచ్చరిక కవర్లు అందుకున్న ఆ నలుగురూ అటువైపు చూడను కూడా చూడలేదు. ఆ గిన్నెలోంచి వేయించుకోవడమంటే నాకు షుగరుందని మైకులో చెప్పడమే. టైరు గది ఎవరికి కావాలి? నిదానం రాలేదు. సాయంత్రం గిన్నెలమ్మ ఆ గిన్నెని అలాగే నిండుగా ఎత్తి, “ఇంత వండి ఎవరికి పోశావు తల్లీ, గోడకా?” అంది.

మంగళవారం పొయ్యి ముందు రెండు నిమిషాలకి బదులు చాలాసేపు నిలబడింది వంటక్క. తరవాత ఆరోజు మాంసంలో సగమే తీసి, మిగతా సగం కాటా వేసి, బరువు చీటీ మీద రాసి, పెట్టెలో ఐసు మీద పెట్టింది. ఒకటే గుండిగ. అందులో మాంసం, చిక్కుడు గింజలు, ఆకుకూర అన్నీ కలిపి వండింది. దుకాణం పెట్టినట్టు రెండు రకాలుంటే మనిషి సిగ్గుపడతాడు. ఉన్నదొకటే అయితే ఎవడూ ఎవడికీ దొరకడు.

నిదానాన్ని పిలవడానికి గిన్నెలమ్మని పంపింది. “అన్నానికి రాకపోతే నేనే టైరు గదికి పళ్లెం తెస్తానని చెప్పు.” అతను వచ్చి వరసలో చివర నిలబడ్డాడు.

మొదటి పళ్లెంలో రెండు ముక్కలు పడగానే గొడవ మొదలైంది.

“అక్కా, లెక్క మర్చిపోయావు,” అన్నాడు మీసాలాయన.

“మర్చిపోలేదు. ఇవాళ రెండే. గింజలు ఎన్ని కావాలంటే అన్ని.”

“రెండేంటి? ఆ బోర్డు చదవడం రాదా నీకు? మా పెద్దోళ్లు ఆరు రోజులు మాడి తెచ్చుకున్న ముక్కలవి! నువ్వెవరు కొయ్యడానికి? మిగతా రెండూ ఎవరింటికి పోయాయి?”

“పెట్టెలో ఉన్నాయి. చీటీ ఉంది, వెళ్లి తూచుకో.”

గొంతులు లేచాయి. ఎవరో పళ్లెంతో బల్ల మీద కొట్టారు. సూపర్‌వైజర్ని పిలవమన్నారు. ఆమె గరిటె పట్టుకుని నిలబడింది.

వరస చివర్నుంచి నిదానం ముందుకి వచ్చాడు. బూటు ఈడుస్తూ మెల్లగా వచ్చాడు, అందుకని అందరూ చూశారు.

“నాకు షుగరుంది,” అన్నాడు. “తొమ్మిదిన్నర. రెండేళ్లుగా ఉంది. మీ అందరితో కలిసి కీరా ముక్కలు తిని దాచాను. ఈసారి దాగలేదు. నాకు ఆ రెండు చాలక్కా, వెయ్యి.”

పళ్లెం చాపాడు. ఆమె వడ్డించింది. అతను గోడవైపు తిరిగి కాకుండా హాలు మధ్య బల్ల దగ్గర కూర్చున్నాడు. తరవాత వరస కదిలింది. గొణుగుతూనే కదిలింది. ఇద్దరు పళ్లేలు అక్కడే పెట్టి వెళ్లిపోయారు.

హాలు ఖాళీ అయ్యాక మీసాలాయన ఒక్కడే బల్ల దగ్గరికి వచ్చాడు. గొంతు ఎంత తగ్గించినా అతనిది అతనిదే. “ఆ గింజలు ఇంకాస్త వెయ్యి,” అన్నాడు. వేయించుకుని, వెళ్తూ ఆగి, “ఏడు పాయింటు తొమ్మిది నాది,” అని గుండిగతో చెప్పినట్టు చెప్పి వెళ్లిపోయాడు.

నాలుగు గంటలకి మెమో వచ్చింది. బోర్డు మీద రాసిన ప్రకారం వడ్డించనందుకు, పై అనుమతి లేకుండా వంట మార్చినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఈ ఏడు ఇంక్రిమెంటు ఎందుకు ఆపకూడదో కూడా రాయాలి. రేపటినుంచి బోర్డు ప్రకారమే నడవాలి.

ఆమె ఆ కాగితం ఇంటికి తీసుకెళ్లి భర్తకి చూపించింది. అతను కత్తెర పక్కన పెట్టి రెండుసార్లు చదివాడు. జోకు వేస్తాడనుకుంది. వెయ్యలేదు. కాగితాన్ని ఇస్త్రీ బల్ల మీద పరిచి, మడతలు పోయేలా అరచేత్తో రుద్ది, తిరిగి ఇచ్చాడు.

బుధవారం పొద్దున్న వంటకి ముందే టైరు గదికి వెళ్లింది. నిదానం అప్పుడే వచ్చినట్టున్నాడు, చొక్కా వీపు చెమటతో తడిసింది. “బస్సెక్కలేదక్కా, నడిచొచ్చా,” అన్నాడు. “మడమకి దూది పెట్టి కట్టారు ఆసుపత్రిలో. నిదానంగా నడవొచ్చన్నారు. అది నాకు వచ్చిన విద్యే.”

ఆమె మెమో చేతికిచ్చింది. “ఎప్పుడూ రాసినదాన్ని కాదు. సంజాయిషీ ఎలా రాస్తారు? నువ్వు అప్పుడేం రాశావు?”

“నేనెప్పుడు రాశాను?”

“పన్నెండేళ్ల కింద. మా ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లినందుకు.”

అతను కాగితం మీంచి తలెత్తాడు. ఆ చూపులో, ఆ రెండు ముక్కలకి కారణం ఇదా అన్న ప్రశ్న కనిపించింది. ఆమె అవునన్నట్టు తల ఊపింది.

“ఎక్కువేం రాయలేదు,” అన్నాడు. “దారిలో మనిషి పడిపోయి ఉన్నాడు, బండి తిప్పాను అని రాశా.”

“అంతేనా?”

“అంతకంటే ఏముంది?”

ఆమె గోడ వారగా ఉన్న డ్రమ్ము మీద కాగితం పెట్టుకుంది. అతని జేబులోంచి పెన్ను తీసుకుంది. అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా రాసింది. రాసి అతనికి చూపించింది. 'దారిలో మనుషులు పడిపోతున్నారు. గరిటె తిప్పాను.'

అతను చదివాడు. “ఇంక్రిమెంటు పోతుందక్కా.”

“నీది పోలేదా?”

అతను కాగితం మడవకుండా జాగ్రత్తగా, రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నం గుండిగలో ఎప్పటి మాంసమే ఉంది. పక్కన గింజల గిన్నె కూడా ఉంది. బోర్డులో గింజలు వద్దని ఎక్కడా రాసి లేదు. ప్రతి పళ్లేన్నీ ఆమె ఒకే మాట అడిగింది. “రెండా, నాలుగా?” అంకె చెప్పడానికి సిగ్గుపడనక్కర్లేదు. ఎక్కువమంది నాలుగన్నారు. కొందరు రెండన్నారు. మీసాలాయన మూడని బేరమాడాడు.

“రెండక్కా,” అన్నాడు నిదానం.

ఖాళీ పళ్లెంలో ముందు అన్నం పడింది. దానిమీద గింజలు, ఆకుకూర, అందరికీ కనిపించేలా పైన రెండు ముక్కలు. గరిటె వెనకతో నొక్కలేదు. అతను నిన్న కూర్చున్న చోటే కూర్చున్నాడు. మొదటి ముద్ద కలపబోతూ, పదకొండేళ్ల అలవాటు కొద్దీ, వేలితో అన్నం అడుగున వెతికాడు. ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క.

ఏమీ తగల్లేదు. తలెత్తి ఆమెవైపు చూశాడు.

ఈసారి ఆమె మొహం తిప్పుకోలేదు.